వెనుక తలుపు

దసరా నవరాత్రులలో ఆయుధపూజనాడు మన యూళ్లలో లారీలకును, ట్రాక్టరులకును, కుట్టుమిషనులకును, బియ్యపుమిల్లు యంత్రములకును జరుగు మర్యాద చదువరులు ఎరుగనిది కాదు. బండిని కడిగి, పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, గుమ్మడికాయ పగులగొట్టుదుము. ఆ యొక్క దినమున పానా దేవత, సుత్తి దేవత, పటకారు దేవత. మరునాడు ఆ పానాను చేతబట్టుకొని వచ్చిన మనుష్యుని మాత్రము వీధియరుగు దాటి లోనికి రమ్మనము. అతనికి మంచినీళ్లు వేరు గ్లాసుతో నిచ్చెడి యిండ్లను నేటికిని నేనెరుగుదును. పనిముట్టునకు హారతియు, పనివానికి అరుగును ఒకే గుమ్మమునందు ఎట్లు పొసగుచున్నవని నేను పలుమారులు ఆలోచించితిని. దేనిని ముట్టుటకు మనకు మనసొప్పదో దానికి దూరమునుండి దండము పెట్టుట మనకు సులభముగా నున్నది.

ఈ యాలోచన యిటీవల నాకు మరల కలిగినది ఒక బండితలుపు ముందర. అది మా చెల్లెలి పికప్ బండికి ఎడమవైపున నుండు వెనుక తలుపు. దాని అద్దమును పైకిని క్రిందికిని నడపు యంత్రము విరిగినది. విరిగినదానిని మా చెల్లెలును, పదవ తరగతి చదువుచున్న ఆమె కూతురును తీసివేసి క్రొత్తదానిని బిగించిరి. నేను ప్రక్కన కూర్చుండి పుస్తకము చదివి చెప్పితిని, అద్దము పట్టుకొంటిని. జరిగినది యింతే. ఇంతమాత్రమునకు వ్యాసమేమిటని చదువరులు అడుగవచ్చును. తలుపు చిన్నదే గాని, దాని చుట్టు ఆ యింట లేచిన మాటలు చిన్నవి కావు.

మా చెల్లెలిని కడియము మండలములో నిచ్చితిమి. కడియపులంక, వీరవరము, బుర్రిలంక మొదలగు ఆ గోదావరి పల్లెల నర్సరీలను గూర్చి వినని తెలుగువారు అరుదు. వరి పండవలసిన నేలలో పూలమొక్కలును, అంటుమొక్కలును వరుసలు తీరి, లారీలకెక్కి పరరాష్ట్రములకు పోవుచుండును. ఆమె భర్త కువైటులో ఉద్యోగము చేయుచున్నాడు. ఎకరమున్నర నర్సరీని ఆరేండ్లుగా ఆమెయే నడుపుచున్నది. ముందొక వరుస, వెనుకనొక వరుస సీట్లును, వాని వెనుక సామాను వేయు తొట్టియు గల ఆ నాలుగు తలుపుల బండిని తోలునదియు ఆమెయే. ఉదయము తొట్టిలో మొక్కలు, వెనుక సీటులో అత్తగారు, పిల్లలిద్దరు, పనికి వచ్చు స్త్రీల పిల్లలు ఇద్దరో ముగ్గురో. పిల్లలను రహదారి ప్రక్కనున్న బడిదగ్గర దింపి, మొక్కలను చేర్చవలసినచోట చేర్చి, అత్తగారిని ఆస్పత్రికి తీసికొనిపోయి మధ్యాహ్నమునకు తిరిగివచ్చును.

ఆ అత్తగారికి మూసిన బండిలో కడుపు త్రిప్పును. కావున ఎడమవైపు వెనుక కిటికీదగ్గర చోటు ఆమెది. శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము, కొన్ని వారములుగా కిర్రుకిర్రుమనుచున్న ఆ అద్దము ‘టప్పు’మని తలుపులోనికి జారిపోయినది. ఇంతలో వాన అందుకొన్నది. ఆ పెద్దావిడ యిల్లు చేరులోపల నిలువున తడిసి, మరునాడు జ్వరముతో పడుకొన్నది. కిటికీకి మొక్కల సంచుల నల్ల పాలిథీను అంటించి నాలుగు దినములు నడపిరి.

పట్టణములో ఒక కార్ఖానాకు పోయి యడుగగా, బండిని ఒక దినమంతయు విడువవలెననియు, మోటారుతో సహా మొత్తము మార్చవలెననియు, తొమ్మిది వేల రూపాయలగుననియు చెప్పిరట. మోటారు తిరుగుచునే యున్నది గదా, దాని నెందుకు మార్చవలెనని ఆమె యడిగినది. దానికి వచ్చిన ప్రత్యుత్తరము: ‘‘ఇంట్లో మగవాళ్లుంటే పంపించండమ్మా, వాళ్లతో మాట్లాడతాం.’’ ఆరేండ్లుగా ఆ బండిని తోలుచున్న మనిషితో బండిని గూర్చి మాట్లాడుటకు, ఆ బండిలో ఎన్నడును కూర్చుండని మగవాడొకడు కావలసివచ్చెను! ఆమె యింటికి వచ్చి నాకు ఫోను చేసినది. ‘‘అన్నయ్యా, నీకు ఇంగ్లీషు వచ్చు. నాకు బండి తెలుసు. మరమ్మత్తు పుస్తకం సంపాదించాను. ఆదివారం రా.’’

ఇక ఆ తలుపులోపల నేమున్నదో చెప్పెదను. మన యిండ్లలో రెగ్యులేటరనగా పంకా వేగమును తగ్గించు బిళ్ల. బండితలుపులోని రెగ్యులేటరు వేగమును మార్చునది కాదు; అద్దమును ఎత్తి దింపునది. దానికి తెలుగున పేరు లేదు. మిస్త్రీలు ‘విండో మిషను’ అందురు. అంతకన్న మంచి పేరు పెట్టవలసిన అవసరము నాకు కనబడలేదు. మొదటి దినములలో బండ్ల అద్దములకు తోలుపట్టీ యుండెడిది. దానిని లాగి గుబ్బకు తగిలించువారు. పిమ్మట త్రిప్పుడు పిడి వచ్చినది. అంబాసిడరు కారులో ఆ పిడిని త్రిప్పుటకు అన్నదమ్ములు కొట్లాడుకొన్న బాల్యము నా వయసువారిలో పలువురిది. మీట నొక్కిన అద్దము కదలుట 1940 చివర అమెరికాలో పాకర్డు కార్లలో మొదలైనది. అది ద్రవపీడనముచే పనిచేసెడిది. 1951లో క్రైస్లరువారి ఇంపీరియలు కారులో కేవల విద్యుత్తుచే నడచు ఏర్పాటు వచ్చినది.

ఇందులో రెండు జాతులు గలవు. కత్తెర కాళ్లవలె ముడుచుకొని విచ్చుకొను ఇనుప చేతులు గలది యొకటి. తీగెత్రాడుతో నడచునది రెండవది. మా చెల్లెలి బండిలోనిది ఈ రెండవ జాతి. పల్లెటూరి నుయ్యి ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. నిలువుగా ఒక ఇనుప పట్టాలు. దాని పైకొనను ఒక గిలక, క్రిందికొనను ఒక గిలక. ఆ రెంటిని చుట్టి, సన్నని ఉక్కుతీగెలు పేనిన త్రాడు. ఆ త్రాడు మధ్య నొక డ్రమ్ముకు చుట్టుకొని యుండును. పట్టాలపై జారెడి ప్లాస్టిక్కు బిళ్లకు త్రాడు కొనలు తగిలియుండును. ఆ బిళ్లకే అద్దము బిగింపబడి యుండును. డ్రమ్ము ఒకవైపు తిరిగిన త్రాడు బిళ్లను పైకి లాగును, మరియొకవైపు తిరిగిన క్రిందికి లాగును. నూతిలో చేద తన బరువుతో తాను దిగును. ఇక్కడ దిగుటకును లాగుడే.

ఆ డ్రమ్మును త్రిప్పునది పిడికిలంత మోటారు. బ్యాటరీలోని పండ్రెండు వోల్టుల విద్యుత్తు ఒక దిక్కున ప్రవహించిన నొకవైపునకును, తీగెలు తారుమారైన రెండవవైపునకును తిరుగును. మీట చేయు పనియంతయు ఆ తారుమారే. మోటారు ఇరుసునకు మెలిక తిరిగిన మరవంటి గాడి యుండి, అది ఒక పండ్లచక్రమును మెల్లగా త్రిప్పును. దీనిలో నొక వింత గలదు. మర చక్రమును త్రిప్పగలదు గాని చక్రము మరను త్రిప్పజాలదు. అందుచేతనే దారిని పోవువాడెవడైనను అద్దముపై అరచేతులుంచి క్రిందికి నొక్కినను అది దిగదు.

వెనుక తలుపునకు మరియొక చిక్కు. చక్రముపై వంపు తలుపు క్రిందిభాగమును కొరికివేయుటచే లోపల చోటు తక్కువ. అందువలన అనేక బండ్లలో వెనుక అద్దము పూర్తిగా దిగదు. సగములోనో, ముప్పాతికలోనో ఆగిపోవును. పిల్లలు దానిని చెడిపోయిన దనుకొందురు. అద్దమును రెండు ముక్కలు చేసి, నడుమ నొక నిలువు కమ్మి పెట్టి, వెనుక ముక్కను కదలకుండ బిగించుటయు ఇందుకే. బిగువైన చోటులో పనిచేయవలసి వచ్చుటచే వెనుక తలుపు మరమ్మత్తు ముందుదానికన్న చేతులకు ఎక్కువ శ్రమ.

మా తండ్రిగారియొద్ద నేను తర్కసంగ్రహము చదువుకొంటిని. అందు అన్వయవ్యతిరేకములని రెండు మాటలు గలవు. కారణమున్నచోట కార్యముండుట ఒకటి. కారణము లేనిచోట కార్యము లేకుండుట రెండవది. పొగ, నిప్పు, వంటయిల్లు, చెరువు – ఈ నాలుగు మాటలతో వానిని వల్లించితిమి. చెరువులో నిప్పు లేదు గావున పొగ లేదని ఎన్ని వందలమారులు చెప్పితినో లెక్కలేదు. అందుకొరకు ఎవరమును చెరువుదాక నడచి చూచినవారము కాము. మా చెల్లెలు తర్కము చదువలేదు. ఆమె చేసిన దేమనగా, వెనుక తలుపు మీట నొక్కి, తరువాత తోలువాని యొద్దనున్న మీట నొక్కి, రెండుమారులును తలుపునకు చెవి యానించి విన్నది. రెంటికిని లోపల మోటారు గుర్రుమన్నది. చప్పుడే లేకున్నచో ఫ్యూజును, మీటలను, బండికిని తలుపునకును నడుమ రబ్బరుగొట్టములో పోవు తీగెలను అనుమానింపవలసియుండును. తలుపు తెరచినప్పుడెల్ల వంగి వంగి ఆ తీగెలు లోలోపల తెగుట సామాన్యము. చప్పుడున్నది గావున అంతవరకు అంతయు క్షేమము. అద్దము కదలలేదు గావున లోపము మోటారునకును అద్దమునకును మధ్య నున్నది. దీనినంతయు ఆమె యొక్క వాక్యములో చెప్పినది: ‘‘మోటారు తిరుగుతోంది, అద్దం రావటం లేదు, మధ్యలో ఎక్కడో తెగింది.’’ వ్యాప్తి, హేతువు, పరామర్శ, అనుమితి – అన్నియు నందే యున్నవి. మోటారు లేని రెగ్యులేటరు రెండువేల ఆరువందలకు దొరకినది.

ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు పని మొదలైనది. పెద్దావిడ వసారాలో కుర్చీ వేసికొని కూర్చుండి, ‘‘మాష్టారూ, మీరైనా చెప్పండి. ఎరువులోళ్లూ, కూలోళ్లూ వచ్చే ఆదివారం పూట, ఇంటి కోడలు బండి కింద కూర్చుంటే ఏం బాగుంటుంది?’’ అనినది. నేను నవ్వి యూరకుంటిని. బండిక్రింద కూర్చుండవలసిన పని కాదని చెప్పినచో ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పినట్లు కాదు గదా.

మొదట పది నంబరు పానాతో బ్యాటరీ ఋణధ్రువమును విప్పిరి. తరువాత తలుపు లోపలి అట్ట. గడియవెనుక నొక మర, చేయి యానించుకొను చోట రెండు మరలు – ఇవి కంటికి కనబడవు. చిన్న మూతల వెనుక దాగియుండును. మరలు తీసినను అట్ట రాదు. అంచు పొడవునను ప్లాస్టిక్కు గుబ్బలు రంధ్రములలోనికి దిగియుండును. బలముగా లాగినచో గుబ్బలు విరిగి అట్టలోనే యుండిపోవును. రహదారిమీద చిన్న పాకలో పని చేసికొను ఒక వృద్ధ మిస్త్రీ సాయిబుగారు ముందునాడే వానిని తీయుటకు వెడల్పైన ప్లాస్టిక్కు గరిటవంటి సాధనము నిచ్చి, ‘‘గుబ్బ పక్కనే పెట్టి లేపమ్మా, దూరంనుంచి లాగకు’’ అని చెప్పియుండెను. ఆ ప్రకారము తొమ్మిది గుబ్బలును క్షేమముగా వచ్చినవి. మేనకోడలు వానిని, మరలను తీసిన వరుసలోనే ఒక స్టీలు పళ్లెములో పేర్చినది. ‘‘పూజ పళ్లెం కాదు కదే అది?’’ అని వసారానుండి కేక వచ్చినది. కాదట.

అట్ట తీయగానే కనబడునది యంత్రము కాదు, నల్లని జిగురుతో అంటించిన ప్లాస్టిక్కు తెర. ఈ తెరను గూర్చి నాలుగు మాటలు చెప్పుట నాకిష్టము. వాన కురిసినప్పుడు అద్దముపై జారిన నీరు రబ్బరుపట్టీ దాటి తలుపులోనికి పోవుననియు, దాని నాపుటకు ఎవరును ప్రయత్నింపలేదనియు మనలో నెందరికి తెలియును? తలుపు నీరు పోవుటకే చేయబడినది. అడుగున రంధ్రములు గలవు. నీరు వానినుండి నేలకు పోవును. నీరు బండిలోనికి రాకుండ నాపునది ఈ పలుచని తెర యొక్కటే. దాని క్రిందియంచు తలుపులోనికి మడచియుండవలెను. అప్పుడు దానిపై పడిన చుక్క మరల తలుపులోనికే జారును. తొందరపడు పనివారు దీనిని చింపి పారవేసి అట్ట మూయుదురు. అట్ట వెనుక నున్నది గావున ఎవరికిని కనబడదు. ఆరు నెలలకు నేలతివాచీ ముక్కవాసన వేయును. రెండేండ్లకు తలుపు అడుగు త్రుప్పుపట్టును. కారణ మెవరికిని తెలియదు. మా చెల్లెలు ఆ తెరను, జిగురు తెగకుండ, పదునైన కత్తితో అంగుళమంగుళముగా విడదీసి, దుమ్ము పడకుండ లోపలి వైపును పైకి మడచి టేపు అంటించుటకు ఇరువది నిమిషములు పట్టినది. ఆ పనికి తొమ్మిది వేలలో ఎంత భాగమో నాకు తెలియదు.

తరువాత అద్దము. ఇది ముందు అద్దమువంటిది కాదు. ముందున్నది రెండు గాజుపలకల నడుమ పొర గలది; పగిలినను విడిపోదు. ప్రక్క కిటికీలవి ఆరువందల డిగ్రీలకు మించి కాచి, గాలితో తటాలున చల్లార్చిన పలకలు. పైపొర ముందుగా బిగుసుకొనగా, లోపలిభాగము దానిని నిరంతరము లోనికి లాగి అదిమిపట్టి యుండును. అందుచే ముఖముపై దెబ్బకు బలముగా నిలుచును గాని, అంచున ఇనుము తగిలినచో ఒక్క క్షణములో పలకయంతయు శనగగింజలంత ముక్కలుగా రాలును. ఆ దినమున నా పని ఈ అద్దమును కాపాడుట. తలుపులో మునిగియున్న దానిని అరచేతులతో పైకి తెచ్చి పట్టుకొంటిని. మేనకోడలు వెడల్పు టేపును అద్దమునుండి చట్రము మీదుగా ఆవలివైపునకు మూడు చోట్ల అంటించినది. ఆమె తమ్ముడు దీపము పట్టినాడు. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఈ పిల్లవాడు బండి మరమ్మత్తు నేర్చుకొనవచ్చునా కూడదా యని ఆ యింట ఎవరును చర్చింపలేదని ఇచ్చట చెప్పిపెట్టెదను.

తలుపు ఇనుపరేకులోని సందు సన్ననిది. మా చెల్లెలి చేయి మోచేతివరకే పోయినది; కూతురి చేయి భుజమువరకు పోయినది. చూపు అందని చోట వ్రేళ్లతో తడవి ఆ పిల్ల మరలను విప్పినది. యంత్రమును మెలికలు త్రిప్పి వెలుపలికి తీయగా కారణము కనబడినది. తెల్లని ప్లాస్టిక్కు బిళ్ల నిలువున చీలియున్నది. దానినుండి ఊడిన త్రాడు డ్రమ్ముచుట్టు పిచ్చుకగూటివలె అల్లుకొని, తెగిన ఉక్కుపోగులు సూదులవలె నిక్కియున్నవి. గులాబీకొమ్మలు కత్తిరించునప్పుడు తొడుగుకొను చేతితొడుగులు ఇచ్చట మిక్కిలి ఉపయోగపడినవి.

పాత యంత్రమునుండి మోటారును విప్పి క్రొత్తదానికి బిగింపవలెను, మూడు మరలే. క్రొత్త యంత్రముపై డ్రమ్మును పట్టియుంచు చిన్న క్లిప్పు గలదు. చూచుటకు అది ప్రయాణములో కదలకుండ వేసిన పనికిమాలిన ముక్కవలె నుండును. ఎవరైనను మొదట దానినే తీసి పారవేయుదురు. పుస్తకములో మాత్రము, మోటారు కూర్చున్న పిమ్మటనే క్లిప్పు తీయవలెననియు, ముందు తీసిన డ్రమ్ము జారి త్రాడు విడిపోవుననియు వ్రాసియున్నది. నేను చదివి చెప్పితిని. మేనకోడలు అప్పటికే క్లిప్పుపై వ్రేలు పెట్టియుండి, వెనుకకు తీసికొన్నది. ‘‘మావయ్యా, ఈ ఒక్క ముక్కకి నీ ఇంగ్లీషు ఫీజు వసూలైపోయింది’’ అనినది. ఇరువదియేండ్ల ఉపాధ్యాయత్వములో నాకు వచ్చిన యోగ్యతాపత్రములలో నేను దాచుకొనదగినది అది.

పదునొకండు గంటలవేళ సాయిబుగారు తన సాధనమును తీసికొనిపోవుటకు వచ్చెను. మా చెల్లెలు కుర్చీ తెచ్చి వసారాలో అత్తగారి ప్రక్కనే వేసి, మాకందరకు ఇచ్చిన కప్పులలో నొకదానితోనే కాఫీ యిచ్చినది. పెద్దావిడ కుర్చీని రెండంగుళములు జరుపుకొన్నది; తరువాత ఆయన మోకాళ్ల నొప్పులను గూర్చి యడుగ నారంభించినది. అయిదవ తరగతితో చదువు మానిన ఆ వృద్ధుడు, పుస్తకములో ఎచ్చటను లేని మాట యొకటి చెప్పెను. ‘‘కొత్తది వేస్తారు సరే, పాతది ఎందుకు విరిగిందో చూశారా?’’ అద్దము జారెడి రబ్బరుగాడిలో చేయిపెట్టి చూపించెను. ఆరేండ్ల ఎర్రమన్ను, కొబ్బరిపొట్టు దుమ్ము, ఎండకు గట్టిపడి గాడినంతయు బిగించినవి. మోటారు లాగుచున్నది, గాడి పట్టుచున్నది, నడుమ నలిగినది ప్లాస్టిక్కు బిళ్ల. ఆ కిర్రుశబ్దమంతయు అదియే. తడిగుడ్డతో గాడిని తుడిచి, ఆరిన తరువాత సిలికాను చల్లవలెననియు, గ్రీజు పూసినచో దుమ్మును మరింత పట్టుననియు చెప్పెను. ఈ మాట వినక మూసియున్నచో ఏడాదిలో మరల ఇదే పని.

శాస్త్రమున్నవానికి చేయి లేదు, చేయి యున్నవానికి పుస్తకము లేదు అని మన దేశమును గూర్చి ఉపన్యాసములలో వినుచుందుము, నేనును చెప్పితిని. ఆ దినమున ఆ వసారాలో ఇరువురును ఒకే తలుపులోనికి తొంగిచూచిరి. దీనిలో గొప్పయేమియు లేదు. ఒక కుర్చీ, ఒక కప్పు కాఫీ పట్టినది.

బిగింపు త్వరగానే జరిగినది. దానిలో మెలకువ యొక్కటే: అద్దమునకు పట్టిన మరలను వదులుగా నుంచి, బ్యాటరీ కలిపి, మీట నొక్కి, అద్దమును పైకొనవరకు పంపవలెను, అది గాడిలో తనంతట తాను సరిగా కూర్చున్న తరువాత మరలు బిగింపవలెను. ముందే బిగించినచో వంకరగా నడచి మరల గాడిని రాయును. నాలుగుమారులు ఎత్తి దించి చూచి, తెరను పాత జిగురుపైననే అదిమి, అట్ట మూసిరి. ఒంటిగంట దాటినది.

తల్లులు కొందరు చదువుదురు గావున, నడుమ నొక మాట. ఈ మోటారునకు అద్దము గాడిలో నున్నదా, పిల్లవాని చేతిపై నున్నదా తెలియదు. అడ్డము తగిలినప్పుడు వెనుకకు దిగునట్టి ఏర్పాటు క్రొత్త బండ్లలో కొన్నింటికి గలదు, అన్నింటికిని లేదు, ఉన్నవానిలోను కొన్నింట తోలువాని అద్దమునకే. పిల్లవాడు తల వెలుపల పెట్టి, మోకాలు మీటపై నానించినచో అద్దము పైకి వచ్చి మెడను పట్టగలదు. ఇట్టి ప్రమాదములలో పిల్లలు చనిపోయిన పిమ్మటనే, అద్దమును మూయు మీటను వ్రేలితో పైకి లాగిననే పనిచేయునట్లు అమర్చవలెనని అమెరికా ప్రభుత్వము 2006లో నియమించినది; మోకాలు నొక్కగలదు గాని లాగలేదు. తోలువానియొద్ద వెనుక మీటలను పనిచేయకుండ నాపు బొత్తము అనేక బండ్లలో గలదు. బండి కొన్ననాటినుండి దానిని ఒక్కమారైనను నొక్కనివారే హెచ్చు. మా చెల్లెలు పిల్లలెక్కగానే ముందు దానిని నొక్కును, తరువాతనే తాళము త్రిప్పును.

భోజనములైన తరువాత అసలు మాట బయటపడినది. మేనకోడలు పదవ తరగతి కాగానే పాలిసెట్ వ్రాసి, పాలిటెక్నిక్కులో చేరి మూడేండ్ల డిప్లమా చదువవలెనని కోరుచున్నది. యంత్రములకు సంబంధించినదే కావలెనట. రెండు నెలలుగా ఆ యింట ఈ తగవు నడచుచున్నదని నాకు అప్పుడు తెలిసినది. పెద్దావిడ నన్ను మధ్యవర్తిని చేసినది. ఆమె ఏడవ తరగతి చదివినది. దినపత్రిక ఆసాంతము చదువును. ఆమె యాక్షేపణలను మూఢత్వమని త్రోసివేయుటకు వీలులేదు.

మొదటిది పెండ్లి. ‘‘రేపు సంబంధాలవాళ్లొస్తే ఏం చెప్పుకుంటాం? మా పిల్ల బండ్లు బాగుచేస్తుందనా?’’ దీనికి నేను నోరు తెరువకముందే మా చెల్లెలు చెప్పినది: ‘‘నన్ను తెచ్చుకున్నప్పుడు నేను బండి తోలతానని మా వాళ్లెవరైనా మీకు చెప్పారా అత్తయ్యా? ఇప్పుడు మిమ్మల్ని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు?’’ పెద్దావిడ నవ్వలేదు గాని, ఆ మాట మరల ఎత్తలేదు.

రెండవది అంత సులభమైనది కాదు. ‘‘చదువుతుంది సరే. ఆ తర్వాత పని చేసేది ఎక్కడ? ఆ షెడ్లు నేను చూశాను. ఆడపిల్ల పొద్దున్నించి సాయంత్రందాకా అక్కడుంటే ఒంటికీ రెంటికీ ఎక్కడికెళ్తుంది మాష్టారూ?’’ ఈ ప్రశ్నకు స్త్రీవిద్యను గూర్చిన ఉపన్యాసములలో నేను సమాధానము వినియుండలేదు. సీతను, సావిత్రిని, గార్గిని, మైత్రేయిని పేర్కొనుటకు అలవాటుపడిన మా నాలుకలకు మరుగుదొడ్డి మాట రాదు. నా యెరుకలో ఇంజనీరింగు చదివి, పనిశాలలో నిలువలేక ఆరు నెలలకే తిరిగివచ్చిన ఆడపిల్లలు ఇద్దరు గలరు. వారిరువురును తెలివిలో తక్కువ కాదు, పనిలో తక్కువ కాదు. పగలెల్ల మంచినీళ్లు త్రాగక పనిచేసి జబ్బుపడిరి. తలుపు తీసి రమ్మని పిలిచి, లోపల ఆమెకు నిలుచుటకు చోటు లేకుండ చేయుట పిలువకుండుటకన్న మర్యాదయా? నేను ఆమె ప్రశ్న న్యాయమైనదనియే చెప్పితిని. మేనకోడలి ముఖము చిన్నబోయినది. పాఠశాల మానవలెనని దాని యర్థము కాదు, పాఠశాలను చూచి, అడిగి, లేనిచో పెట్టించుకొనవలెననియే దాని యర్థమని నేనంటిని.

పెద్దావిడ కొంతసేపు ఆలోచించి ఒక షరతు పెట్టినది. దరఖాస్తు పెట్టుటకు ముందు తానే స్వయముగా ఆ కళాశాలకు వచ్చును. పిల్లలు పనిచేయు పనిశాలయు, ఆడపిల్లల గదులును, నీళ్ల తొట్టియు తన కంటితో చూచును. చదివి బయటికి పోయిన ఆడపిల్లలు ఎక్కడెక్కడ పనిచేయుచున్నారో ప్రధానాచార్యుని అడిగి తెలిసికొనును. అడుగవలసినవానిని మేనకోడలు నోటుపుస్తకములో వరుసగా వ్రాసికొన్నది, పదునాలుగు ప్రశ్నలైనవి. సెలవు పెట్టుకొని నన్నును రమ్మనిరి. పై సోమవారము బయలుదేరుదుము. వెనుక సీటులో ఎడమవైపు కిటికీ చోటు తనదేయని పెద్దావిడ నాతో ముందుగనే చెప్పినది.